ఇంట్లో సూపులు – నాలుగో పాఠం: ఉల్లిపాయ సూపు, క్రూటాన్లు

గత పాఠంలో క్యారెట్టు, పుట్టగొడుగులు, మిరియాలు, కడిగిన ఉల్లి పొట్టు వేసి కుక్కరులో మరిగించి వడకట్టిన స్టాకు మీ ఫ్రిజ్‌లో సీసాడు ఉండి ఉంటే, ఈ పాఠానికి కావలసిన సరంజామాలో సగం సమకూరినట్టే. మాంసాహారులు దానికి బదులు కోడి ఎముకలు మరిగించిన స్టాకును వాడుకోవచ్చు. ఏదైనా సరే, ఒక లీటరుంపావు ఉండాలి, అందులో ఉప్పు వేసి ఉండకూడదు. ఈ పాఠంలో ఉల్లిపాయను నెమ్మదిగా ఎర్రబరచడం, దానితో సూపు కాచడం, పైన వేసుకునే క్రూటాన్లను, అంటే కరకరలాడే రొట్టె ముక్కలను, ఓవెన్ లేకుండా పెనం మీద చేసుకోవడం నేర్చుకుందాం. పైన చీజ్ కరిగించి పొరలా కట్టించే పద్ధతి వేరే పాఠమంత ఉంది కనుక దానిని వచ్చే విడతకు ఉంచాను.

ఇది ఫ్రాన్సు వంట. పారిస్ నడిబొడ్డున లే ఆల్ అనే పెద్ద టోకు మార్కెట్టు ఉండేది. 1969లో దానిని ఊరి బయట ఉన్న రంజిస్‌కు తరలించారు. ఆ మార్కెట్టు చుట్టూ ఉన్న పూటకూళ్ళలో తెల్లవారకముందే మూటలు మోసేవాళ్ళూ, రాత్రి పొద్దుపోయి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగిన సూపుగా దీనికి పేరు వచ్చింది. మన విశాఖపట్నం పూర్ణా మార్కెట్టు దగ్గర వేకువన టీ బండి చుట్టూ మూగే జనాన్ని చూసినవారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఉల్లిపాయ, ఎండిన రొట్టె, నీళ్ళు అనే మూడు చవక వస్తువులతో కడుపు నింపే వంట ఇది. అందుకే ఇందులో ఖరీదైన దినుసుల కంటే చేతి ఓపికకే విలువ ఎక్కువ.

ఉల్లిపాయలు వేయించడం మనకెవరూ నేర్పనక్కరలేదని మీరు అనుకోవచ్చు. నిజానికి ఈ పాఠంలో అడ్డుపడేది ఆ అలవాటే. మనకు రెండు రకాల వేపులు తెలుసు: కూరకు దోరగా వేయించి వెంటనే టమాటానో వంకాయనో వేసేయడం ఒకటి, బిరియానీకి సలసల కాగే నూనెలో వేసి పకోడీలా కరకరలాడించడం రెండోది. మొదటిదాంట్లో ఉల్లిపాయ ఉల్లిపాయలాగే మిగులుతుంది, రెండోదాంట్లో అది ఎండి చితుకైపోతుంది. సూపుకు కావలసింది ఈ రెండూ కాని మూడోది. ముక్క మెత్తగా, జాములా కుంగిపోవాలి, అయినా పోగు పోగుగా ఉండాలి, లోపలి దాకా ఎర్రబడాలి. దీనికి గంట పడుతుంది. ఇరవై నిమిషాల్లో అవుతుందని చెప్పే వంటల మాట నమ్మకండి.

గంట ఎందుకు పడుతుందో తెలిస్తే స్టవ్వు దగ్గర విసుగు కొంత తగ్గుతుంది. వంద గ్రాముల ఉల్లిపాయలో దాదాపు 89 గ్రాములు నీరే. గిన్నెలో ఆ నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది, మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువ లేస్తుందే తప్ప ముక్కల వేడి పెరగదు. రంగు చురుకుగా పట్టాలంటే వేడి అంతకంటే బాగా పైకి, 140 డిగ్రీల ప్రాంతానికి చేరాలి. అప్పుడే ఉల్లిపాయలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఎరుపునూ సువాసననూ పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయ్యార్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. రొట్టె అంచు ఎర్రబడడమూ, కాఫీ గింజ వేగడమూ ఇదే కుటుంబంలోవి. అంటే మన పని మొదట నీటిని సాగనంపడం, తరువాత రంగును పిలవడం. ఈ రెంటినీ ఒకేసారి చేయబోతేనే అంచులు మాడి నడుము పచ్చిగా మిగులుతుంది.

నలుగురికి కిలో ఉల్లిపాయలు కావాలి. గిన్నెలో పోసినప్పుడు ఇన్నెందుకనిపిస్తుంది, గంట తరువాత చూస్తే పావుకిలోకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. రైతు బజారులో రెండు రకాలు పక్కపక్కనే రాశులు పోసి ఉన్న రోజుల్లో, పొట్టు పల్చగా తడితడిగా ఉండే కొత్త కర్నూలు ఉల్లిని కూరలకు వదిలేసి, నిలవ ఉండి పొట్టు గలగలలాడే మహారాష్ట్ర ఉల్లిని ఎంచుకోండి. వానాకాలపు పంటలో నీరు ఎక్కువ, వేసవి మొదట్లో తీసి నిలవ చేసిన పంట గట్టిగా ఉంటుంది. నీరు తక్కువైతే మీ గంటలో పది నిమిషాలు కలిసివస్తాయి. మెడ దగ్గర బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేది, మొలక తలెత్తినది తీసుకోవద్దు. తక్కినవి: వెన్న 40 గ్రాములు, నూనె ఒక పెద్ద చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచా, మైదా ఒక పెద్ద చెంచా, వెనిగర్ రెండు చిన్న చెంచాలు, ఒక బిరియానీ ఆకు, చిటికెడు వాము, మిరియాల పొడి.

తరగడంలో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఉల్లిపాయను తల నుంచి వేరు వైపుకు నిలువుగా రెండు చేసి, అదే దిశలో మూడు మిల్లీమీటర్ల మందాన పోగులుగా కోయాలి. అడ్డంగా చక్రాల్లా కోస్తే పోగులు తెగిపోయి గంటసేపు ఉడికేసరికి ముద్దయిపోతాయి. కళ్ళు మండేవారు తరగడానికి అరగంట ముందు ఉల్లిపాయలను ఫ్రిజ్‌లో పెడితే ఘాటు తగ్గుతుంది, ఎందుకంటే కోసినప్పుడు ఆ ఆవిరిని పుట్టించే ఎంజైము చల్లదనంలో మందగిస్తుంది. కత్తిపీటైనా కత్తైనా పదునుగా ఉండడం మాత్రం ముఖ్యం. మొద్దు కత్తి ముక్కను నలిపి కన్నీరు రెట్టింపు చేస్తుంది.

పాత్ర విషయంలో నా సలహా కొందరికి వింతగా తోచవచ్చు. ప్రత్యేకంగా ఏదీ కొనకండి. మూత బిగించని అయిదు లీటర్ల కుక్కరు చాలు. దాని అడుగు మందం, గోడలు ఎత్తు, పైగా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. నాన్‌స్టిక్ పాత్ర పనికిరాదు, ఎందుకో మరి కొద్ది వాక్యాల్లో తెలుస్తుంది. ఇనుప మూకుడులో చివర వేసే వెనిగర్ లోహపు రుచి తెస్తుంది.

ఇక స్టవ్వు వెలిగించండి. వెన్న, నూనె కలిపి కరిగించి, ఉల్లిపోగులన్నీ వేసి, ఉప్పు చల్లి, మధ్యస్థమైన మంట మీద పది నిమిషాలు మామూలు మూత ఒకటి కప్పి ఉంచండి. ఉప్పు, ఆవిరి కలిసి నీటిని బయటకు లాగుతాయి; మూత తీసేసరికి గిన్నె నిండా ఉన్న గుట్ట సగానికి కుంగి, అడుగున నీళ్ళు కుతకుతలాడుతుంటాయి. ఇక మూత అక్కరలేదు. అయిదు నిమిషాలకొకసారి కలుపుతూ ఉండండి. ఇక్కడ కళ్ళ కంటే చెవులకు పని ఎక్కువ. ఆ కుతకుత క్రమంగా సన్నబడి, అరగంట దాటేసరికి చిన్న చిటపటగా మారుతుంది. నీరు అయిపోయి, ముక్కకు మిగిలింది వెన్న మాత్రమేనని ఆ చప్పుడే చెబుతుంది. అప్పుడు మంట సిమ్‌లోకి తగ్గించాలి, కలపడం రెండు నిమిషాలకొకసారికి పెంచాలి.

ఈ దశలో గిన్నె అడుగున గోధుమరంగు పొర ఒకటి అంటుకోవడం మొదలవుతుంది. మన ఇళ్ళలో అడుగంటడమంటే పరువు తక్కువ. నేను మొదటిసారి ఈ సూపు చేస్తున్నప్పుడు వంటగది గుమ్మంలోంచి మా అత్తగారు "ఏటమ్మా, ఉల్లిపాయ మాడిపోతంది, సూసుకోవేటి?" అన్నారు, నేను కంగారుపడి గిన్నె దించేశాను. దించకుండా ఉండాల్సింది. ఆ పొర నల్లబడనంతవరకు అదే ఈ సూపుకు రంగు, అదే రుచి. చెక్క గరిటె అంచుతో గీస్తే గీత పడేంత మందమయ్యాక రెండు చెంచాల నీళ్ళు చల్లండి. సుయ్యిమని ఆవిరి లేచిన ఆ క్షణంలోనే గరిటెతో గోకితే పొర మొత్తం కరిగి ఉల్లిపోగులకు పట్టుకుంటుంది, అవి ఒక్కసారిగా ఒక మెట్టు ముదురు రంగులోకి దిగుతాయి. నీరు ఇగిరిపోగానే మళ్ళీ అంటనివ్వండి, మళ్ళీ చల్లి గోకండి. ఇలా నాలుగైదు సార్లు జరగాలి. నాన్‌స్టిక్ వద్దన్నది ఇందుకే, దానికి అంటుకునే గుణమే లేదు.

రంగు ఎక్కడ ఆపాలన్నది మాటల్లో చెప్పడం కష్టం కాని, మన వంటింట్లోనే కొలత ఉంది. మొదట తేనె రంగు వస్తుంది, అక్కడ ఆపితే సూపు తియ్యగా, చప్పగా ఉంటుంది. కొత్త చింతపండు రంగు వచ్చాక ఆపండి. పాత చింతపండు నలుపు దాకా పోనిస్తే చేదే.

తొందరపడేవారికి రెండు దారులు కనిపిస్తాయి, రెండింటిలోనూ నేను నడిచి వచ్చాను. చిటికెడు వంటసోడా వేస్తే రంగు నిజంగానే త్వరగా వస్తుంది, కాని పోగులన్నీ గుజ్జయి సబ్బు వాసన వేసింది. ఆ రోజు సూపును ఎవరికీ పెట్టలేదు. అనకాపల్లి పక్కనే ఉంది కదా అని చిన్న బెల్లం ముక్క వేస్తే సూపు కాస్తా పాకమైంది. ఉల్లిపాయకు సొంత తీపి చాలినంత ఉంది, దానికి అప్పు అక్కరలేదు.

ఎర్రబడిన ఉల్లి మీద మైదా చల్లి, పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు కలపండి. వేడి స్టాకును గరిటెడు గరిటెడుగా పోస్తే ఉండలు కట్టదు. ఫ్రాన్సులో ఇక్కడ వైన్ పోస్తారు. మనకు ఆ పులుపు చాలు కనుక వెనిగర్ పోస్తున్నాం. వాళ్ళు వేసే థైమ్ ఆకుకు బదులు వాము వేయడం నా తెలివి అనుకోకండి. రెండింటికీ ఆ ఘాటు వాసననిచ్చే పదార్థం థైమాలే. కాకపోతే వాములో అది దండిగా ఉంటుంది కనుక పదిహేను ఇరవై గింజలు దాటితే సూపు కషాయమవుతుంది. మన బిరియానీ ఆకు వాళ్ళ బే ఆకు ఒకటి కావు, మనది దాల్చినచెక్క జాతి చెట్టుది. కనుక ఒక్కటే వేసి, పది నిమిషాలకు తీసేయండి. సన్నని మంట మీద మొత్తం అరగంట మరిగాక ఉప్పు చూసి, మిరియాల పొడి వేసి దించండి.

సూపు మరుగుతుండగా క్రూటాన్ల పని చేసుకోవచ్చు. ఇందులో ఊరి వాతావరణం అడ్డుపడుతుంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. మన బేకరీల్లో ఎక్కువగా దొరికే మిల్క్ బ్రెడ్‌లో చక్కెర ఉంటుంది, అది లోపల ఎండకముందే పైన ఎర్రబడి మోసం చేస్తుంది. తీపి లేని బ్రెడ్డో, పావో అడిగి తీసుకుని ఒక రోజు నిలవ ఉంచండి. రస్కులు వేయవచ్చా అని అడిగేవారుంటారు. తీపి, ఏలకుల వాసన మీకు అభ్యంతరం కాకపోతే వేసుకోండి, నేనైతే వేయను. బ్రెడ్డును రెండు సెంటీమీటర్ల చదరాలుగా కోసి, రెండు చెంచాల నూనెలో నలిపిన వెల్లుల్లి రెబ్బ ఒకటి కలిపి, ముక్కలకు చేత్తో పట్టించండి. ఆ నూనె పూత సూపు ఒక్కసారిగా లోపలికి చొరబడకుండా కాస్త ఆపుతుంది.

దోసెల పెనం సన్నని మంట మీద పెట్టి, ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పరచి, ఇరవై నిమిషాలపాటు అన్ని వైపులా తిప్పుతూ ఉండండి. మనం వేయించడం లేదు, ఎండబెడుతున్నాం. రంగు చూసి దించకూడదు. ఒక ముక్కను తీసి, నిమిషం చల్లారనిచ్చి, చెవి దగ్గర పెట్టి విరవండి. టక్కున విరిగి, నడుమ కూడా పొడిగా రాలితే అయింది. వంగి, ఆలోచించి విరిగితే మరో అయిదు నిమిషాలు ఉంచండి. నడుమ మెత్తగా మిగిలిన ముక్క సూపులో పడ్డ క్షణంలోనే గంజిలో అన్నంలా కరిగిపోతుంది. పూర్తిగా ఎండినదైతే సూపును తాగి ఉబ్బుతుంది కాని ఆకారం వదలదు.

వేడి ముక్కలను డబ్బాలో వేయడం చాలామంది చేసే పొరపాటు, వాటి ఆవిరే వాటిని తడుపుతుంది. జల్లెడలో పరచి పూర్తిగా చల్లారనివ్వండి, అలాగని గంటలకొద్దీ వదిలేయకండి. పెదవాల్తేరులో సముద్రం వైపు కిటికీ ఉన్న మా వంటగదిలో జూలై నెలలో ఒక రాత్రి మూత సరిగ్గా పడని స్టీలు డబ్బాలో ఉంచిన ముక్కలు తెల్లవారేసరికి కొత్త బ్రెడ్డంత మెత్తబడ్డాయి. ఉప్పు సీసాలో ఉప్పు ముద్దకట్టే రోజుల్లో క్రూటాన్లు ఏ పూటకా పూటే చేసుకోవాలి. మెత్తబడినవాటిని పారేయనక్కరలేదు, సన్నని మంట మీద పెనంపై అయిదు నిమిషాలు తిప్పితే మళ్ళీ బిగుస్తాయి. మైక్రోవేవ్‌లో పెడితే ముందు మెత్తబడి, చల్లారాక రాయవుతాయి.

వడ్డించేటప్పుడు ఒక్కొక్క గిన్నెలో మొదట అడుగున ఉన్న ఉల్లిపోగులు సమంగా వేసి, పైన వేడి సూపు పోసి, క్రూటాన్లు మాత్రం తాగేవాళ్ళు కూర్చున్నాకనే వేయండి.

అభ్యాసంగా ఈ వారం కిలో కాకుండా అరకిలో ఉల్లిపాయలతో ఎర్రబరచడం ఒక్కటే చేసి చూడండి. కుతకుత చిటపటగా మారిన సమయం, పొరను ఎన్నిసార్లు గోకారు, చివరికి ఎన్ని గ్రాములు మిగిలింది అనే మూడింటినీ కాగితం మీద రాసుకోండి. ఆ ముద్ద ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచితే నాలుగు రోజులు ఉంటుంది. వచ్చే పాఠానికి అదే కావాలి, దానితోపాటు మొజరెల్లా చీజ్ వంద గ్రాములు, వేడికి తట్టుకునే పింగాణీ గిన్నెలు రెండు సిద్ధం చేసుకోండి.