మచ్చ తెగుళ్ల పాఠాలు – 4: నిమ్మ గజ్జి, చిగురు లెక్క

పోయిన పాఠంలో శిలీంద్రాలు తెచ్చే మచ్చల్ని చూశాం. బాక్టీరియా మచ్చల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కలు చాలావరకు పనికిరావు. శిలీంద్రం ఆకులోకి దిగాక కూడా కొంతవరకు ఆపగల మందులున్నాయి. బాక్టీరియా మచ్చను అలా మాన్పే మందు దుకాణంలో దొరకదు. రాగి మందులన్నీ ఆకు మీద పూతలా నిలిచి, కొత్తగా వచ్చిపడే బాక్టీరియాను చంపుతాయి, అంతే. మచ్చ చూసి కొట్టిన మందు ఆ ఆకుకు అక్కరకు రాదు, ఇంకా మచ్చపడని పక్క ఆకుకు మాత్రం కాపు కాస్తుంది.

నమూనాగా నిమ్మ గజ్జిని తీసుకుందాం. గూడూరు, పొదలకూరు వైపు రైతుకైనా, నకిరేకల్ వైపు రైతుకైనా ఇది తెలిసిన పీడే. జాంథోమోనాస్ సిట్రి అనే బాక్టీరియా దీనికి మూలం. నిమ్మను బాగా పట్టుకుంటుంది, బత్తాయిని అంతకంటే తక్కువ, కమలాను ఇంకా తక్కువ. గజ్జి కాయలో రసానికి లోటుండదు, కానీ గ్రేడింగ్‌లో పక్కకు పోతుంది.

గుర్తుపట్టడం

మొదట నూనె చుక్క అంటినట్టు చిన్న మచ్చ. కొన్నాళ్లకు ఆకు రెండు వైపులా ఉబ్బి, గోధుమరంగు బెరడులా గట్టిపడి, నడుమ గుంటపడుతుంది. చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి రాస్తే పైనా కిందా గరుకు తగులుతుంది. కాయ మీద వలయం ఒక్కోసారి కనిపించదు, గరుకు మాత్రం తప్పదు. గోటితో గీకగానే ఊడొచ్చేస్తే అది పొలుసు పురుగు, గజ్జి కాదు.

చిగురు లెక్క

బాక్టీరియా ఆకు రంధ్రాల గుండా, గాయాల గుండా లోపలికి వెళ్తుంది. దానికి ఆకు మీద తడి, గాలితో కొట్టే వాన, 20–30 డిగ్రీల వేడి కావాలి. ఆకు విచ్చుకున్నాక దాదాపు మూడు వారాలు, పిందె పూరేకులు రాలాక దాదాపు మూడు నెలలు లేతగా ఉండి తెగులుకు లొంగుతాయి. ముదిరిన ఆకుకు గాయమైతే తప్ప పెద్దగా పట్టదు.

మందు ఎప్పుడు కొట్టాలో ఈ లెక్కే చెబుతుంది, క్యాలెండర్ కాదు. నల్గొండ వైపు నైరుతి వానల్లో వచ్చే చిగురు మీద కన్నుండాలి. నెల్లూరు వైపు అసలు పరీక్ష ఈశాన్య వానలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేసవి ధర కోసం అక్టోబరు, నవంబరుల్లో పూత తెచ్చుకున్న తోటలో పిందె లేత వయసంతా వానలోనే గడుస్తుంది. అలాంటి తోటలో పిందె మీద రాగి పూత తప్పిందంటే వేసవిలో మచ్చకాయే చేతికొస్తుంది.

వానలకు ముందు కత్తిరించగానే ఒకసారి, చిగురాకు సగం విచ్చుకున్నాక ఒకసారి, ఆపైన వానలూ చిగురూ ఉన్నంతకాలం 20 రోజులకోసారి కొట్టాలి. ఆకు పెరిగేకొద్దీ మందు అంటని కొత్త భాగం బయటపడుతుంది, అందుకే ఇన్నిసార్లు. పూత విచ్చుకుని ఉన్నప్పుడు ఆపండి.

బోర్డో మిశ్రమం 1 శాతం

ఇదీ రాగి మందే: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో రాతి సున్నం, 100 లీటర్ల నీళ్లు. డ్రమ్ములు ప్లాస్టిక్‌వే వాడాలి, ఇనుము తగిలితే రాగి దానికి పట్టేస్తుంది.

మైలుతుత్తాన్ని గుడ్డ సంచిలో కట్టి, 50 లీటర్ల నీళ్లలో పైభాగాన మునిగేలా ముందు రాత్రే వేలాడదీయండి. కరిగిన ద్రావణం బరువై కిందికి దిగుతుంది, తేటనీరు పైకొస్తుంది, పొద్దుటికి కలబెట్టకుండానే కరిగిపోతుంది. సున్నం మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లి, విరిగి చల్లారాక మిగతా 50 లీటర్లలో కలిపి గుడ్డతో వడకట్టండి. ఇప్పుడు సున్నపు పాలలోకి మైలుతుత్తం నీళ్లను సన్నధారగా పోస్తూ కర్రతో తిప్పాలి. లేత నీలం రంగు రావాలి.

చాలామంది తప్పేది సున్నం దగ్గరే. గాలి తగిలి పిండైన పాత సున్నానికి చేవ ఉండదు. దానితో కలిపితే రాగి మిగిలిపోయి లేత చిగురు మాడుతుంది. అందుకే పరీక్ష: గరుకు కాగితంతో రుద్ది మెరిపించిన ఇనుప కొడవలిని నిమిషంసేపు ముంచి తీయండి. ఎర్రటి పొర పడితే మరికొంత సున్నపు పాలు పోసి మళ్లీ చూడండి. స్టీలు కత్తితో చూస్తే పరీక్ష తేలదు. కలిపిన రోజే, ఎండ తగ్గాక, మధ్యమధ్య కలుపుతూ వాడేయాలి. ఇందులో వేరే పురుగుమందేదీ కలపొద్దు.

ఇంత తీరిక లేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 48. దాంతోపాటు పది లీటర్లకు గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ కలపడం మన దగ్గర పాత అలవాటు. అది యాంటీబయాటిక్. పదేపదే వాడితే లొంగని బాక్టీరియా తయారవుతుంది. పంటల్లో దాని వాడకాన్ని నిషేధించే ముసాయిదాను కేంద్రం 2021 డిసెంబరులో వెలువరించింది కూడా. కొనేముందు అనుమతి ఉందో లేదో ఉద్యాన అధికారిని అడగండి. రాగిని వేళకు కొట్టడమే మేలు.

కొమ్మ, పురుగు, గాలి

చెట్టు తడిగా ఉండగా కత్తెర పెట్టొద్దు. గజ్జి కొమ్మను మచ్చకు దిగువన కోసి తగలబెట్టి, చెట్టుకూ చెట్టుకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. కోతలకు బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. అదే ఊపులో చెట్టును బోడి చేసి యూరియా దట్టించారో, నీటికొమ్మలు (నిలువుగా ఏపుగా లేచే లేత కొమ్మలు) విరగబడి వచ్చి తెగులుకు కొత్త మేత అవుతాయి.

చిగురాకు మీద వెండి గీతలా వంకరటింకర చార కనిపిస్తే అది ఆకు తొలిచే పురుగు. ఆ చార వెంబడే గజ్జి మచ్చలు వరసగా లేస్తాయి. చిగురు మొదట్లోనే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బుపొడి కలిపి కొట్టండి, బోర్డోతో కాదు, విడిగా.

గాలి వచ్చే వైపు సరుగుడు వరస ఉంటే వాన దెబ్బ తగ్గుతుంది. కొత్తగా నాటేవారికి తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన బాలాజీ రకం ఉంది, గజ్జిని కొంత తట్టుకుంటుంది.

ఈ వారం పని

తోటలో నాలుగు మూలలా, నడుమా ఒక్కో చెట్టు ఎంచుకుని, చెట్టుకు రెండు లేత చిగుళ్లకు రంగు దారం కట్టండి. చిగురు విచ్చిన తేదీ, వాన పడిన రోజులు, మందు కొట్టిన రోజు, మొదటి మచ్చ కనిపించిన రోజు రాసుకోండి. వచ్చే పాఠంలో నర్సరీ మొక్క కొనేటప్పుడు ఎక్కడెక్కడ చూడాలో చెప్పుకుందాం, ఈ కాగితం అప్పటికి దగ్గరుంచుకోండి.