అనంతపురం ఎండకు ఏ పట్టర్: మెత్తనిదా, గట్టిదా?

పళ్లెంలాంటి డిస్క్‌ను విసిరి, గొలుసులు వేలాడే బుట్టలో పడేసే ఆట డిస్క్ గోల్ఫ్. అందులో బుట్టకు దగ్గరి నుంచి విసరడానికి వాడే డిస్కే పట్టర్. మెత్తని ప్లాస్టిక్ పట్టర్ ఆ గొలుసులను బాగా పట్టుకుంటుందన్న మాట నిజమే, ఎందుకంటే అది తగిలిన దెబ్బను తనలో ఇముడ్చుకొని, వెనక్కు ఎగరకుండా బుట్టలోకి జారుతుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అదే డిస్క్ మరింత మెత్తబడి, విసిరే క్షణంలో వేళ్ల మధ్య వంగి, చెమట పట్టిన చేతిని అంటుకొని ఆలస్యంగా విడివడుతుంది. అందువల్ల వేసవిలో ఆడేవారు గట్టి ప్లాస్టిక్‌నో, కనీసం మధ్యరకాన్నో ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. అది వేడికి అంత తొందరగా లొంగదు, దూరపు విసురుకూ నిలుస్తుంది. గొలుసులకు తగిలి ఒక్కోసారి బయటికి ఎగిరిపడటం, మన గులకరాళ్ల ఎర్రనేలపై ఎక్కువ దూరం దొర్లిపోవడం దాని లోపాలు. డిసెంబరు ఉదయపు చలిలో మాత్రం గట్టిది మరింత బిర్రుగా తయారవుతుంది కాబట్టి, అప్పుడు మెత్తనిదే సుఖం. రెండూ కొనదలచినవారు ఒకే మోడల్‌ను, ఒకే బరువులో తీసుకుంటే, బుట్ట చుట్టూ పట్టింగ్ (దగ్గరి విసురు) హద్దుగా లెక్కించే 10 మీటర్ల వలయంలో చేతి అలవాటు చెడదు. ఏది కొన్నా ఎండలో నిలిపిన కారులో వదలకండి. నాది ఒకటి అలాగే అంచులు లేచిన జొన్నరొట్టెలా వంగిపోయింది.