పాత సినిమాల్లో ఊడిపడే డబ్బు: ఒక రిటైర్డ్ క్యాషియర్ చూసే పద్ధతి

ముప్పై మూడేళ్ళు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. సినిమాలో ఎవరైనా చెక్కు బయటికి తీస్తే నా చూపు హీరో మొహం మీదకి పోదు. చెక్కు మీదకి పోతుంది, తర్వాత దాన్ని అందుకున్న చేతి మీదకి. మా ఆవిడకి ఇదంటే చిరాకు. కానీ 1930ల నాటి అమెరికా సినిమాలకి ఈ జబ్బు బాగా పనికొచ్చింది. పేదవాడికి రాత్రికి రాత్రి లక్షలు వచ్చిపడే కథలు అప్పుడు బోలెడు తీశారు. వాటిని నేనెలా చూస్తానో చెబుతాను.

ముందు సినిమా ఏ ఏడాది వచ్చిందో చూసుకోండి. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. 1930 నుంచి 1933 దాకా అక్కడ దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. 1933 నాటికి పని కావాల్సిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. ఆ మార్చిలో రూజ్‌వెల్ట్ అధ్యక్షుడైన రెండ్రోజులకే దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ఇచ్చేశాడు. మనకిప్పుడు డిపాజిట్ మీద 5 లక్షల దాకా బీమా ఉంది. వాళ్ళకి ఆ బీమా 1934 జనవరిలో గానీ మొదలవలేదు, అదీ 2,500 డాలర్ల వరకే. అంటే హాల్లో కూర్చున్నవాళ్ళలో కొందరి పాస్‌బుక్కులు అప్పటికే చిత్తు కాగితాలు. తెర మీద చెక్కు కనిపిస్తే వాళ్ళకి ముందు వచ్చేది అనుమానమే. మీరూ ఆ అనుమానంతోనే చూడాలి.

మొదట 1932 నాటి ‘ఇఫ్ ఐ హాడ్ ఎ మిలియన్’ పెట్టండి. చావుకి దగ్గరపడ్డ ఒక కోటీశ్వరుడికి చుట్టాల మొహం చూస్తేనే మంట. ఊరి డైరెక్టరీ తెరిచి, మందు చుక్కలు వేసుకునే గొట్టంతో చుక్క వేసి, అది ఎవరి పేరు మీద పడితే వాళ్ళకి పది లక్షల డాలర్ల చెక్కు రాసిస్తాడు. మొదటి చుక్క పోయి పోయి అమెరికాలో పేరుమోసిన కుబేరుడు రాక్‌ఫెల్లర్ పేరు మీద పడుతుంది! అక్కడ జనం ఎందుకు నవ్వి ఉంటారో వేరే చెప్పాలా?

అక్కణ్ణుంచి చెక్కు అందుకున్న ఒక్కొక్కరిదీ ఒక చిన్న కథ. ప్రతి కథలోనూ ఒకటే చూడండి: చెక్కుని ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదు. దొంగ సంతకాలు చేసేవాడి చేతికి అసలైన చెక్కు వస్తుంది, మార్చుకోవడానికి పోతే పోలీసులు పట్టుకుంటారు. చివరికి రాత్రి పడుకోవడానికి ఒక మంచం ఇస్తే చాలని ఆ చెక్కే ఇచ్చేస్తాడు. మంచం ఇచ్చినవాడు దాంతో చుట్ట వెలిగించుకుంటాడు. ఇంకొకడు సైనికుడు, ఆ రోజు ఏప్రిల్ 1 కాబట్టి జోకనుకుంటాడు.

గుమాస్తా కథని మాత్రం రెండుసార్లు చూడండి. దర్శకుడు లూబిచ్ తీసిన ముక్క అది, రెండు మూడు నిమిషాలు మించదు. వరసగా బల్లలు, ఒక బల్ల దగ్గర గుమాస్తాగా నటుడు చార్లెస్ లాటన్. కవరు చింపుతాడు, చదువుతాడు. మొహంలో ఏ మార్పూ లేదు. లేచి మెట్లెక్కుతాడు. ఒక తలుపు, దాని వెనక ఇంకో తలుపు. ఆఖరి తలుపు ముందు ఆగి టై సర్దుకుని తలుపు తడతాడు. లోపల ఉన్నది కంపెనీ అధ్యక్షుడేనని నిర్ధారించుకుని, నాలుక బయటపెట్టి పర్రుమనిపిస్తాడు. అంతే, కథ అయిపోయింది. రెండోసారి చూసేటప్పుడు తలుపులు లెక్కపెట్టండి. అన్ని తలుపులు దాటడానికి పది లక్షలు కావాల్సొచ్చింది, కానీ టై సర్దుకునే అలవాటు మాత్రం పోలేదు. లాటన్‌ని నేనందుకే మెచ్చుకుంటాను.

ఒళ్ళమ్ముకుని బతికే అమ్మాయి కథ కూడా ఉంది. పెద్ద హోటల్లో గది తీసుకుని, మంచం మీది రెండు దిళ్ళలో ఒకటి తీసేసి ఒక్కతే పడుకుంటుంది. మా ఆవిడకి మాత్రం సినిమా అంతటిలోకీ అదే నచ్చింది.

1933 నాటి ‘గోల్డ్ డిగ్గర్స్’లో మొదటి పాట ఒక్కటి చూసినా చాలు. నాణేలే బట్టలుగా వేసుకున్న అమ్మాయిలు మాకు డబ్బొచ్చిందహో అని పాడుతుంటే, బాకీల కోసం షెరీఫ్ మనుషులొచ్చి ఆ బట్టలు పట్టుకుపోతారు. 1936లో దర్శకుడు కాప్రా తీసిన ‘మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్’లో పల్లెటూరి డీడ్స్‌కి 2 కోట్ల డాలర్ల ఆస్తి కలిసొస్తుంది. దాన్ని రైతులకి తలా పదెకరాలు, ఆవు, గుర్రం, విత్తనాలుగా పంచబోయేసరికి, వీడికి పిచ్చి అని కోర్టుకి లాగుతారు. పిచ్చి అన్న మాట ఎప్పుడు పుట్టిందో గమనించండి. మన ‘అరుణాచలం’లో 30 రోజుల్లో 30 కోట్లు తగలేసే కథ వేరే తోవది. దాని మూలం 1902 నాటి అమెరికా నవల, కరువు రోజులకి ముందుది. అందులో చెక్కుని ఎవరూ అనుమానించరు.

చివరికి 1940 నాటి ‘క్రిస్మస్ ఇన్ జులై’ ఉంచుకోండి. మాటలు గబగబా పోతాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. కాఫీ కంపెనీ పోటీలో 25,000 డాలర్లు గెలిచావని ఒక గుమాస్తాకి తోటివాళ్ళు దొంగ టెలిగ్రాం పెడతారు. కంపెనీ యజమాని కూడా నమ్మి చెక్కు ఇచ్చేస్తాడు. పెద్ద కొట్టువాళ్ళు అడిగినవన్నీ ఇస్తారు: అమ్మకి మంచంగా మారే సోఫా, వీధిలో పిల్లలందరికీ బొమ్మలు. ఆఫీసులో బాస్ ఇతని ఐడియాలు మెచ్చుకుని ప్రత్యేకంగా గది ఇస్తాడు. మోసం బయటపడగానే కొట్టువాళ్ళు సామాను వెనక్కి పట్టుకుపోవడానికి వస్తారు, బాస్ నసుగుతాడు. నీ ఐడియాలు నాకు నచ్చింది నువ్వు గెలిచావనే కదా అంటాడు.

ఆ బాస్‌ని చూసినప్పుడు నాకు మా బ్రాంచి గుర్తొస్తుంది. ఒకసారి మట్టి పంచెతో ఒక పెద్దాయన కాలవకి పోయిన పొలం తాలూకు చెక్కు తెచ్చాడు. అంకె చూసి నేను చెక్కు రెండుసార్లు తిప్పాను, ఆయన్ని నిలబెట్టే అడిగాను, ‘ఇది నీదేనా?’ అని. నాలుగు రోజులకి చెక్కు క్లియరైంది. ఆయన అదే పంచెతో వస్తే మేనేజరు గారు లేచి కుర్చీ వేయించారు, నేను ‘రండి బాబాయ్ గారూ’ అంటూ కాఫీ తెప్పించాను. ఆయన పాస్‌బుక్కులో అంకె చూసుకుని, దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాఫీ ముట్టుకోలేదు.