"మంచి నవల ఒకటి చెప్పండి" అంటే ఏం చెప్పాలి?

విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు కౌంటర్లో కూర్చుంటాను. జనవరిలో బుక్ ఫెస్టివల్ పెడితే స్టాల్లో నిలబడతాను. రెండు చోట్లా తరచూ వినే మాట "మంచి నవల ఒకటి చెప్పండి." మిమ్మల్ని కూడా ఆఫీసులోనో చుట్టాల్లోనో ఎవరో ఒకరు అడిగే ఉంటారు. మీకు నచ్చింది వెంటనే చెప్పేయకండి.

"ఏ రచయిత ఇష్టం?" అని అడిగి లాభం లేదు, అందరూ అవే నాలుగు పెద్ద పేర్లు చెప్తారు. మధ్యలో వదిలేసిన పుస్తకం ఏదో, ఎందుకు వదిలేశారో అడగండి. "అన్నీ వర్ణనలేనండీ" అన్నారంటే కథ చకచకా నడవాలి. "ఎవరు ఎవరో గుర్తుండట్లేదు" అన్నారంటే పాత్రలు తక్కువున్నది వెతకాలి.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది యాభై దాటినవాళ్లు. వీక్లీ సీరియల్స్ రోజుల్లో యద్దనపూడి, యండమూరి నవలలు తెగ చదివి, ఉద్యోగం, పిల్లల గొడవలో పడి ఆపేసినవాళ్లు. అభిరుచి ఎక్కడికీ పోలేదు, అలవాటే తప్పింది. వీళ్లకు మొదటే లావు పుస్తకం అంటగడితే అది టీపాయ్ మీదే ఉండిపోతుంది. నేనైతే పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' ఇస్తాను. ఎలుగుబంటిని ఆడించి బతికే ఒక కుటుంబం కథ. చిన్న నవల. అది పూర్తిచేసినవాళ్లు తర్వాతి పుస్తకం వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

యాస దగ్గర కాస్త ఓపిక పట్టాలి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఉంది. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్లే కాపరుల కథ. 2019లో తానా బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా తీశారు. కడప వైపువాళ్లు నాలుగు లైన్లు చదివి, నవ్వుకుంటూ బిల్లు వేయించుకుంటారు. మా కృష్ణా జిల్లావాళ్లు కొందరు మొదటి పేజీలోనే మొహం చిట్లిస్తారు. అలాంటప్పుడు పుస్తకం మధ్యలో తెరిచి, సంభాషణలున్న పేజీ చూపించి, పైకి చదవమంటాను. షాపులో సిగ్గుపడతారు, గొణుక్కుంటూ చదువుతారు, అయినా చాలు. కంటికి కొత్తగా ఉన్న మాట చెవినపడితే తెలిసిపోతుంది. అప్పటికీ ఇబ్బందిగా ఉందంటే బలవంతం చేయను.

అవార్డు పేరు ముందు ఎత్తకండి. బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని చెప్తే, "అమ్మో, మనకెక్కుతుందా" అని పక్కన పెట్టేస్తారు. "పద్దెనిమిదో శతాబ్దం, అనంతపురం సీమ, పాలెగాళ్ల కాలం" అని చెప్పి చూడండి, ఠక్కున చెయ్యి చాస్తారు.

కథ మొత్తం చెప్పక్కర్లేదు గానీ, బరువైన విషయం ఉంటే మాత్రం దాచకండి. సలీం 'కాలుతున్న పూలతోట' హెచ్ఐవీ చుట్టూ తిరిగే నవల. పేరు చూసి ప్రేమకథ అనుకునేవాళ్లుంటారు. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకుంటున్నవాళ్లకు అది ఈ నెల వద్దేమో, వచ్చే ఏడాది కావాలేమో. ఆ సంగతి వాళ్లనే తేల్చుకోనివ్వాలి.

ఒకసారి ఒక్క పేరే చెప్పండి. పది పేర్ల లిస్టు వాట్సాప్‌లో పంపితే "థాంక్సండీ" అని ఒక దండం బొమ్మ వస్తుంది, అక్కడితో సరి. చెప్పాక "చదివారా, చదివారా" అని వెంటపడొద్దు, మిమ్మల్ని చూస్తే పక్క సందులోకి తప్పుకుంటారు. మీ సొంత కాపీ ఇస్తుంటే మాత్రం లోపలి పేజీలో పేరు, ఫోన్ నంబరు రాసి మరీ ఇవ్వండి.