స్లో కుక్కర్ పాఠాలు – 4: అయిదో గంట

స్లో కుక్కర్ (సన్నటి వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుండ) అడుగున మిగిలే రసాన్ని ఎట్లా చిక్కబరచాలో ఈసారి చెబుతానని పోయిన పాఠం చివర మాటిచ్చాను. అది వాయిదా. మూడో పాఠం చూసి పంది మాంసం వండినవాళ్లంతా కూడబలుక్కున్నట్టు ఒకటే మాట అన్నారు, మెత్తగా రాలేదని. మొట్టమొదట అన్నది మా ఆడబిడ్డే. ఆదివారం మధ్యాహ్నం ఒంగోలు నుంచి ఫోన్.

"వదినా, నీ పాఠం పుణ్యమా అని ఇవాళ ఇంట్లో చెప్పులు వండాను."

"ఎన్ని గంటలుంచావు?"

"అయిదు."

"తొమ్మిదని రాశాను కదే."

"రాశావులే. మూత తీసి చూస్తే ఎరుపు అన్నదే లేదు, శుభ్రంగా ఉడికిపోయింది. ముక్క కొరికితే గట్టిగా ఉంది. ఇంకా ఉంచితే కట్టెలాగా అయిపోతుందని ఆపేశాను. మీ తమ్ముడు నమిలీ నమిలీ దవడ పట్టుకుని కూర్చున్నాడు."

గట్టిగా ఉంది కాబట్టి ఆపేశానన్న ఆ మాట దగ్గరే అందరూ తప్పటడుగు వేశారు. ఇవాళ్టి పాఠమంతా దాని గురించే.

మర్నాడు తనకు కావలిలో బ్యాంకు పని ఉంది. మిగిలిన మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, రసంతో సహా క్యారేజీలో సర్దుకుని పొద్దున రైలుకే మా ఇంటికి వచ్చింది. నాకు సాక్ష్యం చూపించడానికన్నమాట. ఒక ముక్క పళ్లెంలో పెట్టి వేలితో నొక్కాను. రబ్బరులాగా లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది. చాకు పెడితే తెగింది కానీ పీచు పీచుకీ మధ్య తెల్లటి పొర బిర్రుగా, తడిసిన నవారులాగా సాగుతోంది. ఆ పొర కనిపించగానే నాకు ధైర్యం వచ్చింది. ముక్క పాడవలేదు, సగం దోవలో ఆగిపోయింది, అంతే.

గిన్నెలోకి ఒంపి ముందు స్టవ్ మీద బాగా తెర్లనిచ్చాను. చల్లటి మిగులును నేరుగా స్లో కుక్కర్‌లో వేయకూడదు, వేడెక్కడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో సూక్ష్మక్రిములకు పండగ. తెర్లాక స్లో కుక్కర్‌లోకి మార్చి, "లో" (తక్కువ వేడి) మీద పెట్టి, ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. భోజనాలయ్యాక ఒక కునుకు తీసి లేచి, నాలుగు గంటలు నిండాక మూత తీశాను. ఉదయగిరి చెక్క గరిటె వీపుతో ముక్కను ఊరికే ఒత్తాను. విడిపోయింది.

"ఇది నేను తెచ్చిందేనా వదినా?"

నీదేనమ్మా. కొత్తగా ఏమీ వేయలేదు.

ఇప్పుడు కారణం. ఉడకడం వేరు, మెత్తబడడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం మనకు బ్రాయిలర్ కోడి వచ్చాక పట్టిన జబ్బు. దాంట్లో రెండూ ఒకేసారి, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. ముదురు నాటుకోడి సంగతి చూడండి. అరగంటకే ఎరుపు పోతుంది, తినబోతే పన్ను దిగదు. అప్పుడు "అయ్యో, ఎక్కువ ఉడికిపోయింది" అని ఎవరైనా దించేస్తారా? ఇంకో గ్లాసు నీళ్లు పోసి మళ్లీ మూత పెడతారు. మేకకాళ్ల పాయ రెండు గంటలకు మెత్తబడలేదని పారబోసినవాళ్లను నేను చూడలేదు. ఇంత తెలిసినవాళ్లే పంది జబ్బ దగ్గరికి వచ్చేసరికి అయిదో గంటకల్లా గాబరా పడిపోతారు.

లోపల జరిగేది ఇది. మాంసం వేడి 60 దాటి 70 డిగ్రీల వైపు పోయేటప్పుడు కండ పీచులూ వాటి చుట్టూ ఉన్న పొరలూ ముడుచుకుంటాయి. పిండిన బట్టలాగా తమలోని నీటిని బయటికి తోసేస్తాయి. అందుకే మూడు నాలుగు గంటలయ్యేసరికి కుండలో మనం పొయ్యని నీళ్లు కనిపిస్తాయి. ఆ పొరల్లో ఉండేది కొల్లాజెన్. 70 దాటాక అది కరగడం మొదలుపెడుతుంది, 80, 90 డిగ్రీల్లో ఇంకా చురుగ్గా కరిగి జెలటిన్ అవుతుంది. పాయ తాగితే పెదాలు అతుక్కుంటాయే, ఆ జిగురు అదే. పీచులు పోగొట్టుకున్న నీటి లోటును నోట్లో ఈ జిగురూ కరిగిన కొవ్వూ కలిసి పూడుస్తాయి. అయితే కరగడానికి వేడి ఒక్కటే చాలదు, గంటలు కావాలి. కిలోన్నర ముక్కకు మా కుక్కర్ లో మీద అయిదో గంటలో థర్మామీటర్ గుచ్చితే 76 చూపించింది. అంటే నీళ్లు పోయాయి, జిగురు ఇంకా రాలేదు. తొమ్మిది గంటల వంటలో మాంసం అన్నిటికంటే అధ్వాన్నంగా ఉండేది అప్పుడే. మీరు మూత తీసి రుచి చూసింది కూడా సరిగ్గా అప్పుడే.

తినడానికి భయం లేకపోవడం అనేది ఇంకో లెక్క. పంది మాంసం ముక్క నడిమధ్య 63 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు నిలిస్తే తినొచ్చు, కైమా అయితే 71. బద్దెపురుగు భయం మనవాళ్లకు ఉంది, ఉండాలి కూడా. కొనేటప్పుడే కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి నీటిబుడగలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దనండి. కాబట్టి 63 భయం తీరడానికి, 90 దరిదాపులు పన్ను దిగడానికి. మొదటి అంకె దగ్గరే ఆగిపోయి రెండోది రాలేదని నన్ను తిడితే ఎట్లా?

మూత గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, కోపంగా ఉన్నప్పుడే. పద్దాక మూత తీయొద్దు. స్లో కుక్కర్ కింద పెద్ద మంట ఉండదు. మా మూడున్నర లీటర్లది సుమారు 200 వాట్లు, తొమ్మిది గంటలకు రెండు యూనిట్లు కూడా కాలదు. అంత చిన్న వేడితో గంటల తరబడి పోగేసుకున్న ఆవిరి మూత ఎత్తగానే భళ్లున పోతుంది. అది మళ్లీ పోగవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట. ఒకాయన గంటగంటకూ తీసి కలిపాడట, అడుగంటుతుందని. కింద సెగ లేనిది అడుగెందుకంటుతుంది? చూడకపోతే టెన్షన్ అనేవాళ్లు గాజు మూత మీద వేలితో తట్టండి, ఆవిరి బొట్లు జారి లోపల కనిపిస్తుంది. మా అమ్మమ్మ పిడకల దాలిలో పొద్దున పెట్టిన పాలకుండను సాయంత్రం దాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ముట్టుకుంటే వాతే. ఆ క్రమశిక్షణ కావాలి.

ఈ యంత్రం పుట్టింది కూడా అట్లాంటి కుండలోంచే. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకు దీని మీద 1940లో పేటెంటు వచ్చింది. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం కూర కుండను రొట్టెల బట్టీలో పెట్టేసి, చల్లారుతున్న ఆ వేడికే రాత్రంతా మగ్గనిచ్చేవాళ్లని వాళ్లమ్మ చెప్పిన మాటే ఆయనకు ఆధారం. 1971లో అదే క్రాక్‌పాట్ పేరుతో అంగళ్లలోకి వచ్చింది. పంది మాంసం గడప తొక్కని ఇళ్ల వంట అది. దాంట్లో మనం వండుతున్నదేమో ఇది.

నెల్లూరు నుంచి వచ్చిన ఫిర్యాదు మాత్రం వేరే. ఆవిడ తొమ్మిది గంటలూ ఓపిగ్గా ఉంచింది, అయినా కొబ్బరి పీచులాగా వచ్చింది. ఏ ముక్క తెచ్చారంటే "ఎముకా కొవ్వూ లేకుండా మెత్తటి కండ ఇమ్మన్నాను" అంది. అదీ సంగతి! అది నడుం మీది కండ. ఆ భాగానికి బతికున్నప్పుడు పని తక్కువ, పొరలు తక్కువ, కరిగి జిగురవడానికి లోపల ఏమీ లేదు. 63 దాటిన కొద్దీ ఎండిపోవడమే. పచ్చిగా మెత్తగా ఉన్నది ఇందులో గట్టిపడుతుంది, పచ్చిగా గట్టిగా ఉన్నదే మెత్తబడుతుంది. కాబట్టి కొట్లో ముందుకాలి జబ్బ అడగండి, ఎముకతోనే. కొవ్వు చూసి మొహం చిట్లించొద్దు. ముక్కలు కొట్టొద్దని ముందే చెప్పండి, మనవాళ్ల కత్తి ఆగదు, అడిగేలోపే కూర ముక్కలు చేసేస్తారు.

నీళ్ల విషయంలో తప్పు నాది. "తగినన్ని" అని రాశాను. ప్రెషర్ కుక్కర్ అలవాటు ఉన్నవాళ్లకు తగినన్ని అంటే ముక్క మునిగేటన్ని. దీంట్లో ఆవిరి బయటికి పోదు, మాంసం తన నీళ్లు తనే వదులుతుంది. అర టీ గ్లాసు చాలు.

ఇప్పుడు మళ్లీ వండుదాం. కిలోన్నర జబ్బ. ఐసు కట్టినదైతే ముందురోజే ఫ్రిజ్ కింది అరలోకి దించాలి, గడ్డ పళంగా వేయకూడదు. మెత్తటి ఉప్పు టీ చెంచాతో అంచుకు సమంగా నాలుగుకు కాస్త తక్కువ, పసుపు, అల్లంవెల్లుల్లి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలూ ధనియాలూ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున తడి అద్దేసి ఇనప పెనం మీద అన్ని వైపులా ఎర్రగా కాల్చండి, పది నిమిషాలు. స్లో కుక్కర్ లోపల వేడి వంద దాటదు, వేపుడు రంగూ వాసనా రావాలంటే 140 పైన కావాలి, అందుకే ఈ పెనం. నిజం చెప్పాలంటే బద్ధకంగా ఉన్న రోజు నేను ఇది మానేస్తాను. మెత్తదనానికి లోటు ఉండదు, రుచికి ఉంటుంది. అడుగున మందంగా తరిగిన ఉల్లిపాయలు, కావాలంటే చిలగడదుంపలు (మా వైపు గెనుసుగడ్డలు). దుంపలు మాంసం కంటే ఆలస్యంగా ఉడుకుతాయి కాబట్టి వాటి చోటు అడుగునే. నేను ఉలవపాడు మామిడి ఒరుగులు నాలుగు వేస్తాను, మీరు వేయకపోయినా నష్టం లేదు. మాంసం కొవ్వు వైపు పైకి. కుండ సగానికి తక్కువా ముప్పాతికకు ఎక్కువా ఉండొద్దు. లో, తొమ్మిది గంటలు. హై మీద అయిదారు గంటల్లో అవుతుంది కానీ జబ్బకు నాకు లో నే ఇష్టం.

సాయంత్రం ఆరు దాటితే మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది. అందుకని నేను తెల్లారగట్లే పెట్టేస్తాను. మధ్యలో కరెంటు పోతే, మీరు ఇంట్లో ఉంటే వెంటనే గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద పూర్తి చేసుకోండి. ఇంట్లో లేనప్పుడు ఎంతసేపు పోయిందో తెలియకపోతే పారేయండి. ప్రాణం ఉసూరుమంటుంది, అయినా పారేయండి.

అయ్యాక ముక్కను తీసి మూత వేసి ఇరవై నిమిషాలు వదిలేసి, రెండు ఫోర్కులతో పీకండి. గరం మసాలా, గూడూరు నిమ్మకాయ రసం ఇప్పుడే, ముందు కాదు. మా ఇంట్లో ఇది అన్నంలోకి కంటే కారం దోసె మీదికే ఎక్కువ ఖర్చవుతుంది.

అభ్యాసం. మొదటిది, కుక్కర్‌లో సగం నీళ్లు పోసి లో మీద ఎనిమిది గంటలు ఉంచి, మూత తీసిన వెంటనే థర్మామీటర్ పెట్టండి. 85కీ 93కీ మధ్య ఉండాలి. తక్కువ ఉంటే తప్పు మీది కాదు, కుక్కర్‌ది, దాంట్లో మాంసం వండొద్దు.

రెండోదానికి ఒక ఆదివారం మొత్తం పడుతుంది. ఒకే జబ్బలోంచి పిడికెడంత ముక్కలు నాలుగు, ఉప్పు తప్ప ఇంకేమీ లేకుండా పెట్టండి. మూడో గంటకు ఒకటి, అయిదుకు ఒకటి, ఏడుకు ఒకటి, తొమ్మిదికి ఒకటి తీయండి. మూత తీయడానికి ఈ ఒక్కసారికే అనుమతి, తీసిన ప్రతిసారీ తర్వాతి లెక్కకు అరగంట కలుపుకోండి. చిన్న ముక్కలు కాబట్టి అన్నీ కాస్త ముందుగానే జరుగుతాయి. ప్రతి ముక్కకూ వేడి ఎంతో, వేలితో నొక్కితే ఎట్లా ఉందో, ఎన్నిసార్లు నమిలితే దిగిందో రాయండి. నమిలిన లెక్క నిజంగానే పెట్టండి, మా ఆడబిడ్డ పెట్టింది. అయిదో గంట ముక్కకు 41, తొమ్మిదో గంట ముక్కకు 12. ఏడో గంట గడిలో ఆమె పుస్తకంలో అంకె లేదు, "మీ తమ్ముడు తినేశాడు" అని ఉంది.