ఎడిన్‌బరో ఆగస్టు షోలు: మధ్యలో గంట ఖాళీ ఉంచుకోండి

ఆగస్టులో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వెళ్తున్నవాళ్లు టికెట్లు బుక్ చేసే ముందు ఇది చూసుకోండి. ఫ్రింజ్ (ఎవరైనా వచ్చి ఆడగల నాటకాలు, కామెడీ షోల పండుగ), ఇంటర్నేషనల్ ఫెస్టివల్, పుస్తకాల పండుగ, సినిమా ఫెస్టివల్ అన్నీ ఆ నెలలోనే. ఫ్రింజ్ షోలు చాలావరకు గంటే కాబట్టి రోజుకు ఐదారు పెట్టేసుకోవాలనిపిస్తుంది. వద్దు. మూడు చాలు, మధ్యలో కనీసం గంట ఖాళీ ఉంచండి.

ఎందుకంటే ఆ పాత ఊరు రెండు అంతస్తుల్లో ఉన్నట్టుంటుంది. మ్యాప్‌లో జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్, కౌగేట్ అనే వీధులు కలుస్తున్నట్టే కనిపిస్తాయి. నిజానికి కౌగేట్ ఆ వంతెన కింద, బాగా లోతులో పోతుంది. ఫోన్ "వచ్చేశారు" అంటుంది, వెళ్లాల్సిన హాలేమో కాళ్ల కింద వీధిలో ఉంటుంది. మెట్లు వెతుక్కోవాలి, లేదా చుట్టూ తిరిగి దిగాలి. ఇక పాత ఊరి ప్రధాన వీధి రాయల్ మైల్ మీద వీధి కళాకారుల చుట్టూ మూగిన జనంలోంచి త్వరగా నడవడం కుదరని పని. ఆలస్యమైతే చాలా చోట్ల లోపలికి రానివ్వరు, టికెట్ డబ్బులూ పోయినట్టే.

ఖాళీ గంటలో టికెట్ లేని ఉచిత షో ఏదైనా దగ్గర్లో ఉంటే చూడండి. చివర్లో కళాకారులు బకెట్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడతారు, నచ్చితే మనసారా డబ్బులు వేయండి. 1947లో ఇంటర్నేషనల్ ఫెస్టివల్ నుంచి పిలుపు లేకపోయినా ఎనిమిది నాటక బృందాలు వచ్చి ఆడితేనే ఫ్రింజ్ మొదలైంది. ఇప్పటికీ పేరు తెలియని వాళ్ల దగ్గరే అసలైన కొత్తదనం దొరుకుతుంది.

గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు.