ఆసుపత్రికి సాయం చేయాలనుకునేవారు ముందు వార్డులో ఒక గంట కూర్చోండి

సిజేరియన్ అయి మూడో రోజు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మాచర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ అమ్మాయి పద్నాలుగు వందల గ్రాముల బిడ్డను వెచ్చగా ఉంచడానికి గుండెలకు ఆనించుకుని, వెనక ఆనుడు లేని ఇనుప స్టూలు మీద కూర్చుని ఉంది. ముప్పావుగంట గడిచేసరికి నుదుటన చెమటలు పట్టాయి. "సిస్టరమ్మా, ఇక నా వల్ల కాదు, బిడ్డను పెట్టెలో పెట్టేయండి" అంది. కళ్ళలో నీళ్ళు. తనకు బిడ్డ మీద ప్రేమ లేదనుకుంటామేమోనని ఆమె భయం. ఆమెకు లేనిది ఆనుకునే కుర్చీ, అంతే.

నేను నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ఇప్పుడు ఏడుగురం కలిసి ఒక ఆసుపత్రికి మా చేతనైనంత సాయం చేస్తున్నాం. మాలో ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఒకరికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, ఒకావిడ బట్టలు కుడుతుంది. మీ ఊళ్ళో ఇలాంటి పని మొదలుపెట్టాలని ఉంటే, మేము చేసి నేర్చుకున్నది చెబుతాను.

మొదట చేయాల్సింది చందాలు వసూలు చేయడం కాదు. వార్డు సిస్టర్ అనుమతి తీసుకుని, సాయంత్రం ఏడు గంటల తరువాత ఒక గంట అక్కడ కూర్చోండి. పగలు డాక్టర్ల రౌండు, మందుల హడావుడి ఉంటాయి. అసలు కొరత రాత్రి కనిపిస్తుంది. "మీకు ఏం కావాలి?" అని అడగకండి. అలా అడిగితే ప్రతి ఒక్కరూ ఖరీదైన యంత్రం పేరే చెబుతారు. "నిన్న రాత్రి ఏది లేక ఇబ్బంది పడ్డారు?" అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. స్ట్రెచర్ ముందు చక్రం తిరగడం లేదని, ఎక్స్‌రేకు తీసుకెళ్ళేటప్పుడు గడప దగ్గర నలుగురు ఎత్తాల్సి వస్తోందని వార్డు బాయ్ చెబుతాడు. వేడినీళ్ళు దొరకక బాలింతకు చన్నీళ్ళే ఇస్తున్నామని ఆయా చెబుతుంది. సిస్టర్ ఇన్‌చార్జిని, ఆయాలను, గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళను, వరండాలో పడుకున్న రోగుల బంధువులను విడివిడిగా అడగండి. నాలుగు వైపుల నుంచీ ఒకే మాట వస్తే అక్కడే మొదలుపెట్టండి.

ప్రభుత్వ ఆసుపత్రికి బడ్జెట్ వస్తుంది. మందులు, జీతాలు, పెద్ద పరికరాలు దాని నుంచే. పేదవారి ఆపరేషన్ల ఖర్చును డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ భరిస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం అదే. మనం ఇచ్చే డబ్బు ఆ బడ్జెట్‌కు బదులు కాకూడదు. ప్రభుత్వం కొనాల్సిన మందులు మనం కొనిపెడితే మరుసటి ఏడాది ఆ మందుల కోసం ఆసుపత్రి పంపే కోరిక జాబితా, అంటే ఇండెంటే తగ్గిపోతుంది. ఏ పద్దులోకీ రాని ఖాళీలు కొన్ని ఉంటాయి. స్ట్రెచర్ చక్రం, కుర్చీ, గోడ గడియారం, ఊరు వెళ్ళడానికి బస్సు ఛార్జీ లాంటివి. చిన్న బృందాలు పూడ్చాల్సినవి అవే.

పెద్ద ట్రస్టుల పని తీరు వేరు. గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు క్యాన్సర్ కేంద్రాన్ని కట్టించింది. అదే ఆసుపత్రిలో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారి బృందం పేదలకు గుండె ఆపరేషన్లు చేసి, 2016లో గుండె మార్పిడి కూడా చేసింది. మా ఊరికి అది ఎంత గర్వకారణమో మాటల్లో చెప్పలేను. అయితే అంత డబ్బు లేనివాళ్ళు చేయగలిగిన పని కూడా తక్కువేమీ కాదు. ఆ కుర్చీ సంగతే చెబుతాను.

నెల తక్కువగా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పెట్టుకోవడాన్ని కంగారూ సంరక్షణ అంటారు. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో డాక్టర్ ఎడ్గార్ రే 1978లో దీన్ని మొదలుపెట్టారు. బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెలు, అంటే ఇంక్యుబేటర్లు చాలక ఆయన వెతుక్కున్న దారి అది. మొదట్లో ఇది పేదల ఆసుపత్రుల సర్దుబాటు అని చాలామంది అనుకున్నారు. తరువాత భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో పెద్ద పరిశోధన జరిగింది. కిలో నుంచి 1,800 గ్రాముల లోపు బరువున్న బిడ్డలను, పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టారు. ఆగి పెట్టిన వారితో పోలిస్తే మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. బిడ్డను రోజుకు కనీసం 8 గంటలు అలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది.

ఎనిమిది గంటలు! కడుపు కోసి కుట్టిన తల్లి ఇనుప స్టూలు మీద ఎనిమిది గంటలు ఎలా కూర్చుంటుంది? ఎక్కడో పరిశోధనలో రుజువైన మేలు మా వార్డులోని బిడ్డ దాకా రావడానికి అడ్డుపడింది ఒక కుర్చీ. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల కలిగింది మాచర్ల వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయిని చూసిన రోజే.

మొదటిసారి మేము తప్పు చేశాం. చూడటానికి బాగున్నాయని గుడ్డ మెత్తలున్న రెండు చెక్క కుర్చీలు కొన్నాం. ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్ వాటిని లోపలికి రానివ్వలేదు. ఆమె చేసింది సరైన పని. గుడ్డలో పాలు, రక్తం ఇంకితే శుభ్రం చేయలేం. ఆ రెండూ ఇప్పుడు డ్యూటీ రూములో ఉన్నాయి. రెండోసారి టేపు పట్టుకుని వెళ్ళాం. బిడ్డలను వెచ్చగా ఉంచే రెండు వార్మర్ల మధ్య ఎంత చోటుందో కొలిచాం. వెల్డింగ్ షాపులో స్టీలు పైపుతో ఒక నమూనా చేయించి, వారం రోజులు తల్లులను కూర్చోబెట్టి చూశాం. పడక కుర్చీలా వెనక్కి వాలాలి. చేతులు పెట్టుకునే చోటు వెడల్పుగా ఉండాలి, లేకపోతే బిడ్డను పట్టుకున్న మోచెయ్యి లాగేస్తుంది. కాళ్ళు చాపుకోవడానికి పీట కావాలి. పైన క్రిమిసంహారక ద్రావణంతో రోజూ తుడిచినా పగలని మందపాటి రెగ్జిన్ వేయాలి. చక్రాలు వద్దని సిస్టర్లు చెప్పారు, తీసేశాం. ఇక్కడే చేయించడం వల్ల ఇంకో లాభం ఉంది. అతుకు ఊడితే మరుసటి రోజే బాగుచేయించవచ్చు.

బిడ్డను కట్టుకునే పట్టీలు మా కుట్టుపని ఆవిడ కుట్టింది, మంగళగిరి నేత నూలు బట్టతో. బట్టను ముందే రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి ఆరేసిన తరువాతే కత్తిరించాలి. లేదంటే ఆసుపత్రిలో ఉడకబెట్టిన మొదటిసారే కుంచించుకుపోయి బిడ్డకు బిగుసుకుంటుంది. ఒక్కో కుర్చీకి నాలుగు పట్టీలు ఉండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుతూ, ఒకటి అలమరలో.

వస్తువు ఇచ్చేటప్పుడు సూపరింటెండెంట్ గారికి లేఖ రాసి, స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, నకలు తీసుకోండి. రిజిస్టరుకెక్కని వస్తువు పాడైతే దాన్ని బాగుచేసే బాధ్యత ఎవరికీ ఉండదు. యంత్రం ఇస్తుంటే దాని ధరతో పాటు ఐదేళ్ళ నిర్వహణ ఖర్చు కూడా లెక్కవేయండి. నా సర్వీసులో ఒక ఆసుపత్రిలో కామెర్ల బిడ్డలకు కాంతి చికిత్స చేసే దీపం చూశాను. ఎవరో మంచిమనసుతో ఇచ్చినదే. బల్బు మాడిపోయింది. కొత్త బల్బు కొనే పద్దు లేక ముసుగు వేసి మూల పెట్టేశారు. పక్క వార్డులో పచ్చగా మారిన బిడ్డలు తమ వంతు కోసం ఎదురుచూస్తుండేవారు. ఆ ముసుగు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.

పరిశోధన అనగానే అది మన పని కాదనుకుంటారు. పెద్ద ప్రయోగశాల మనం పెట్టలేం, నిజమే. కానీ ఆసుపత్రుల్లో జరిగే మంచి అధ్యయనాలు చిన్న చిన్న వాటికే ఆగిపోతుంటాయి. డిశ్చార్జి అయిన బిడ్డలను మూడు నెలల తరువాత మళ్ళీ చూడాలి. వినుకొండ నుంచి తల్లి వచ్చి వెళ్ళాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. ఆమె రాకపోతే ఆ బిడ్డ బతికాడో, బరువు పెరిగాడో లెక్కలోకే రాదు. ఆ ఛార్జీ మనం ఇవ్వవచ్చు. సమ్మతి పత్రాన్ని చదివితే అర్థమయ్యే తెలుగులో రాయించవచ్చు. లెక్కలు చూసిపెట్టే గణాంక నిపుణుడికి గౌరవ వేతనం ఇవ్వవచ్చు. ఒకే షరతు: ఆ అధ్యయనానికి, పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. ఆ కాగితం చూడకుండా రూపాయి ఇవ్వకండి. ఛార్జీలు ఎంత ఇస్తారో, ఎలా ఇస్తారో కూడా ఆ కమిటీకి ముందే చెప్పాలి. డబ్బు ఆశతో తల్లి సరేననకూడదు. ఫలితం ఇలాగే రావాలని దాత కోరకూడదు. మందుల కంపెనీ మీ ద్వారా డబ్బు పంపుతానంటే మర్యాదగా వద్దనండి.

ఇక రోగితో వచ్చేవాళ్ళు. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వచ్చి పది రోజులు వరండాలో పేపరు పరుచుకుని పడుకుంటారు. వాళ్ళకు రొట్టె, అరటిపండ్లు పంచడం మన ఊళ్ళలో అలవాటు. తప్పేమీ లేదు గానీ, షుగర్ రోగి మంచం మీద డజను అరటిపండ్లు పెట్టి వెళ్ళేముందు సిస్టర్‌ను ఒక మాట అడగండి. నేనైతే ముందు మంచి నీళ్ళు, ఫోను ఛార్జింగుకు ప్లగ్గులు, ఆడవాళ్ళ స్నానాల గదికి లోపల గడియ అంటాను. అక్షరాలు రానివారికి ఓపీ నుంచి స్కానింగుకు దారి తెలియాలంటే నేల మీద రంగు గీత వేయించండి. వైద్య సేవ పథకం కింద రోగులకు సాయపడే ఆరోగ్య మిత్ర కౌంటరు ఎక్కడుందో చెప్పి, అవసరమైన కాగితాలు చూసిపెట్టే మనిషిని ఉదయం రెండు గంటలు కూర్చోబెట్టగలిగితే ఎంతమంది తిరుగుడు తప్పుతుందో!

సిబ్బంది గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ అడగరు. రాత్రి డ్యూటీలో ఒక మరణం జరిగాక పది నిమిషాలు ఒంటరిగా కూర్చుని కన్నీళ్ళు తుడుచుకునే చోటు నాకు ఏనాడూ దొరకలేదు. మందుల గదిలో పెట్టెల మధ్య నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. బ్రిటన్‌లో 2020లో టామ్ మూర్ అనే పెద్దాయన తన నూరో పుట్టినరోజు లోపు ఇంటి తోటలో నూరు చుట్లు నడిచి, అక్కడి ఆసుపత్రుల సేవా సంస్థలకు 3 కోట్ల పౌండ్లకు పైగా విరాళాలు తెచ్చారు. ఆ సంస్థలు సిబ్బంది విశ్రాంతి గదులకు, మానసిక సాంత్వనకు ఖర్చు పెట్టాయి. ప్రజలిచ్చిన డబ్బు నర్సు విశ్రాంతికి వాడారని తెలిసినప్పుడు నాకు చాలా ఊరట కలిగింది. మీ ఆసుపత్రిలో లోపల గడియ, గాలి, మంచం, మంచి నీళ్ళు ఉన్న గది ఒకటి చేయించండి. సేవ బాగుండాలంటే చేసేవాళ్ళు నిలబడగలగాలి.

కాగితాల పని క్లుప్తంగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు ఉండాలి. ఖాతా సంఘం పేరుతోనే తెరవండి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు పెట్టండి. దాతలకు పన్ను మినహాయింపు రావాలంటే, అందరూ 80జి అని పిలిచే అనుమతి తీసుకోవాలి. 2,000 రూపాయలు దాటిన విరాళాన్ని నగదుగా ఇస్తే అది వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే రాదు. ఈ సంగతి ముందే చెప్పండి. మన వైపు ప్రతి వీధిలోనూ అమెరికాలో పిల్లలున్న ఇళ్ళుంటాయి కాబట్టి ఇది జాగ్రత్తగా వినండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం నింపి నమోదు కావాలి. మా బ్యాంకు ఆయన నెల నెలా జమాఖర్చులు కాగితం మీద రాసి వార్డు బయట అంటిస్తారు. మాకు అన్నిటికన్నా ఎక్కువ దాతలను తెచ్చింది ఆ కాగితమే.

రోగులతో ఫోటోలు దిగకండి. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి వద్దని చెప్పలేడు. దాతకు ఫోటో కావాలంటే కుర్చీని తీసి పంపుతాం, ఖాళీ కుర్చీని.

ఇచ్చిన వస్తువును నెలకొకసారి వెళ్ళి చూడాలి. మేము ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం వెళతాం. సంచిలో స్క్రూడ్రైవరు, నట్లు, రెగ్జిన్ ముక్క, సూది, దారం, రిజిస్టరు నకలు ఉంటాయి. పోయినసారి మూడో నంబరు కుర్చీ ఎడమ చెయ్యి దగ్గర రెగ్జిన్ చిరిగింది. దాని మీద ఒక తల్లి నిద్రపోతోంది, పట్టీలోంచి బిడ్డ నల్లని జుట్టు మాత్రం కనిపిస్తోంది. లేపలేదు. ఆమె లేచేదాకా వరండాలో కూర్చుని, తరువాత కుట్టి వచ్చాం.